నల్లకోటు కల - దారిలోని అడ్డంకులు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు 'జీవిత లక్ష్యం' మీద ఏదైనా రాసి ఇమ్మని వార్డెన్ సారు అడిగారు. ఈ అంశం మీద మన సంచికల్లో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఒక తమ్ముడు డాక్టర్ అవుతానంటాడు, ఇంకొక తమ్ముడు కలెక్టర్ అవుతానంటాడు. చదివితే సంతోషం కలుగుతుంది. కానీ ఆ వ్యాసాలు కల చెప్పి, 'కృషి ఉంటే మనుషులు సాధించలేనిది లేదు' అని ముగిసిపోతాయి. నేను కూడా పదో తరగతిలో అలాంటి వ్యాసమే రాశాను. కలకూ, కృషికీ మధ్య ఏయే గుంతలు ఉంటాయో అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. ఈ వ్యాసంలో ఆ గుంతల గురించే చెబుతాను. నా కల వకీలు కావడం కనుక ఆ దారినే ఉదాహరణగా తీసుకుంటున్నాను. మీ కల వేరే అయినా అడ్డంకుల రకాలు దాదాపు ఇవే.

కల ఎక్కడ పుట్టింది

నేను పాలమూరు జిల్లా నుంచి 1997లో ఎనిమిదో తరగతికి పురానాపూల్ హాస్టల్‌కు వచ్చాను. ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి, ఒక పళ్లెం నా ఆస్తి. నాయన, అమ్మ అప్పుడు గుంపు మేస్త్రీ కింద నగరంలో ఇళ్ల కట్టడానికి వలస వచ్చి ఉన్నారు.

ఆదివారం వస్తే మేము నలుగురం కలిసి అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి నడిచి వెళ్లేవాళ్లం. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన ఆ లైబ్రరీలో కూర్చోవడానికి పైసా అడగరు, ఫ్యాన్ ఉంటుంది. మొదట్లో మేము వెళ్లింది ఆ ఫ్యాన్ కోసమే! పురానాపూల్ దర్వాజా నుంచి పేట్లబురుజు మీదుగా మూసీ వెంట నడిస్తే ముందు సిటీ కాలేజీ వస్తుంది, తర్వాత హైకోర్టు. నయాపూల్ దాటితే ఉస్మానియా ఆస్పత్రి, ఆ పక్కనే గ్రంథాలయం. పాఠాలు చెప్పేవాళ్లు, వాదించేవాళ్లు, వైద్యం చేసేవాళ్లు - అందరూ ఒక్క దారిలోనే ఉన్నారు. నగరంలో ఇంత మంచి దారి పక్కన మన హాస్టల్ ఉండటం మన అదృష్టం.

1998లో గుంపు మేస్త్రీ నాయనవాళ్లకు నాలుగు నెలల కూలి ఎగ్గొట్టాడు. అడిగితే, మీరు వేలిముద్ర వేసిన కాగితంలో అంతా ముట్టినట్టే రాసి ఉందన్నాడు. ఆ వారం నాయన నన్ను చూడటానికి హాస్టల్‌కు వచ్చాడు. ఇద్దరం నయాపూల్ దాకా నడిచాం. హైకోర్టు గోపురాలు చూపించి "గిదేంది బిడ్డా?" అని అడిగాడు. చెప్పాను. కాసేపు చూసి, "గీ నల్లకోటోళ్లల్ల మనోడు ఒక్కడుంటే ఆ కాయితంల ఏమున్నదో ముందుగాల సదివి చెప్తుండె" అన్నాడు. ఆ కూలి డబ్బులు ఇప్పటికీ రాలేదు. నా కల మాత్రం అక్కడే పుట్టింది.

వరదను కొలిచినట్టు

అడ్డంకుల గురించి చెప్పే ముందు మన మూసీ సంగతి ఒకటి చెప్పాలి. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరదలో వేలమంది చనిపోయారు. అంత దుఃఖంలో 'దేవుడి కోపం' అని ఊరుకోవచ్చు. ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎంత వచ్చాయి, ఎగువన ఎక్కడ ఆపితే నగరం దక్కుతుంది అన్నది ఆయన లెక్క కట్టారు. ఆ ఆలోచన నుంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరద తర్వాత నది ఒడ్డును బాగుచేస్తున్న కాలంలోనే హైకోర్టు భవనం కూడా లేచి, 1920లో ప్రారంభమైంది.

మన జీవితాల్లోని అడ్డంకులను కూడా మనం వరదలాగే చూస్తాం. 'మా పరిస్థితులు బాగాలేవు', 'మా తలరాత ఇంతే' అంటాం. పరిస్థితులు అనే ఒక్క మాటను విడగొట్టి చూస్తే అందులో ఐదారు వేరువేరు సంగతులు ఉంటాయి. ఒక్కొక్కదానికి ఒక పేరు, ఒక తేదీ, ఒక ఖర్చు, దాన్ని తీర్చగల ఒక మనిషి ఉంటారు.

మొదటి అడ్డంకి: తెలియకపోవడం

పదో తరగతి పాసయ్యే నాటికి వకీలు కావాలంటే ఏం చదవాలో నాకు తెలియదు. ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా కోర్సు ఉందని డిగ్రీ రెండో ఏడాదిలో తెలిసింది. డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సు కూడా ఉంది కనుక బతికిపోయాను.

మీకోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మన రాష్ట్రంలో లా కాలేజీల్లో సీటుకు లాసెట్ రాయాలి. ఇంటర్ చదివినవారికి ఐదేళ్ల కోర్సు, డిగ్రీ చదివినవారికి మూడేళ్ల కోర్సు. అర్హత పరీక్షలో మామూలుగా 45 శాతం మార్కులు ఉండాలి. బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం చాలు. లాసెట్‌లో 120 ప్రశ్నలు, గంటన్నర సమయం. 30 జనరల్ నాలెడ్జి, 30 వర్తమాన వ్యవహారాలు, మిగతా 60 న్యాయశాస్త్రం చదవగల నేర్పును చూసేవి. రోజూ గ్రంథాలయానికి వెళ్లి పేపరు చదివే విద్యార్థికి ఇందులో సగం పరీక్ష అక్కడే తయారవుతుంది. దేశంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు మాత్రం క్లాట్ అనే వేరే పరీక్ష ఉంటుంది, అది ఇంగ్లీషులోనే. హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన నల్సార్ అలాంటిదే. లాసెట్, క్లాట్ రెండూ రాయడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

తెలియకపోవడం వల్ల కాలం పోవడమే కాదు, కొన్నిసార్లు మనకు కుదరని కల వెంట పరుగెత్తుతాం. నా జూనియర్ ఒకతను రైలు నడపాలని ఐటీఐ చేసి, రెండేళ్లు అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకు చదివాడు. ఆ ఉద్యోగానికి కళ్లద్దాలు లేకుండా పూర్తి చూపు ఉండాలని వైద్య పరీక్ష దగ్గరికి పోయాక తెలిసింది. అతనికి చిన్నప్పటి నుంచీ అద్దాలున్నాయి. ముందే తెలిసి ఉంటే రైల్వేలోనే అద్దాలున్నవారికి కుదిరే వేరే ఉద్యోగాలకు చదివేవాడు. కనుక ఏ కలైనా సరే, ఒక పాత నోటిఫికేషన్ సంపాదించి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవండి. వయసు, చదువు, చూపు, ఎత్తు, ఫీజు అన్నీ అందులోనే ఉంటాయి.

రెండో అడ్డంకి: కాగితాలు

ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది. నా పక్క ట్రంకు పెట్టె వాడి గురించి చెబుతున్నాను. పేరు రాయొద్దన్నాడు, కథ మాత్రం రాయమన్నాడు.

వాడు మా బ్యాచ్‌లో అందరికంటే తెలివైనవాడు. నాకు లెక్కలు చెప్పి పదో తరగతి పాస్ చేయించింది వాడే. 2005లో ఇద్దరం లాసెట్ రాశాం. వాడి ర్యాంకు నాకంటే చాలా ముందు. కౌన్సెలింగ్‌కు కలిసి వెళ్లాం. అక్కడ వాడి కుల ధ్రువపత్రంలో ఇంటి పేరు ఒక తీరుగా, పదో తరగతి మెమోలో ఇంకొక తీరుగా ఉందని పట్టుకున్నారు. రెండు అక్షరాల తేడా. సరిచేయించుకుని రమ్మన్నారు. వాడు ఆ రాత్రే బస్సెక్కి ఊరికి పోయాడు. సంతకం పెట్టాల్సిన అధికారి ఒక రోజు క్యాంపులో ఉన్నాడన్నారు, ఒక రోజు సెలవన్నారు, మరొక రోజు రేపు రమ్మన్నారు. కాగితం చేతికి వచ్చేసరికి వాడి ర్యాంకు పిలుపు దాటిపోయింది. వచ్చే ఏడాది చూసుకుందామన్నాడు. ఆ ఏడాదిలోనే వాళ్ల నాయన మంచం పట్టాడు. ఇప్పుడు వాడు బేగంబజార్‌లో ట్రాలీ ఆటో నడుపుతాడు. మంచివాడు, కష్టజీవి, ఇల్లు బాగానే నెట్టుకొస్తున్నాడు. కానీ నేను కోర్టులో ఒక మంచి వాదన విన్న ప్రతిసారీ వాడే గుర్తొస్తాడు. వాడికి తెలివి తక్కువై ఆగిపోలేదు, రెండు అక్షరాల దగ్గర ఆగిపోయాడు.

తమ్ముళ్లారా, ఇప్పుడు మీసేవ వచ్చింది. కాగితాలు తెచ్చుకోవడం మా కాలమంత కష్టం కాదు. అయినా తప్పు అక్షరాలు ఇప్పటికీ తప్పే. పదో తరగతిలో మీ స్కూలు నుంచి నామినల్ రోల్స్ పంపేటప్పుడే మీ పేరు, ఇంటి పేరు, నాయన పేరు, అమ్మ పేరు, పుట్టిన తేదీ ఒక్కొక్క అక్షరం పెట్టి చూసుకోండి. కుల ధ్రువపత్రంలో, ఆధార్‌లో, బ్యాంకు పాస్‌బుక్కులో అవే అక్షరాలు ఉన్నాయో లేదో సరిపోల్చండి. మెమో అచ్చయ్యాక మార్పించాలంటే ప్రధానోపాధ్యాయుల ద్వారా ఎస్సెస్సీ బోర్డు దాకా పోవాలి. ఆదాయ ధ్రువపత్రం పాతబడిపోతుంది. ఏ తేదీ తర్వాత తీసుకున్నది కావాలో నోటిఫికేషన్‌లో చూసి, చివరి రోజు దాకా ఆగకుండా తెచ్చుకోండి. అన్నిటికీ మూడేసి జిరాక్సులు తీసి ఒక ఫైలులో పెట్టుకోండి. ఆ ఫైలును మీ ట్రంకు పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టండి.

మూడో అడ్డంకి: డబ్బు

మన దారిలో డబ్బు పెద్ద అడ్డంకే. కానీ ఎక్కడ ఎంత కావాలో తెలిస్తే దాని భయం సగం తగ్గుతుంది.

కాలేజీ చదువుకు పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం ఉంది. ఎస్సీ విద్యార్థులకు ఇది 1944లో మొదలైంది. అంటే మన తాతల కాలం నుంచి ఉన్న హక్కు ఇది, ఎవరి దయా కాదు. ఇప్పుడు దీనికీ, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ ఈపాస్‌లో దరఖాస్తు చేయాలి. డబ్బులు ఆలస్యంగా వస్తాయన్నది నిజం. అందుకే సీటు వచ్చిన రోజునే కాలేజీ వారితో మాట్లాడి, ప్రభుత్వం నుంచి రావలసిన ఫీజు ఏది, మనం చేతి నుంచి కట్టవలసింది ఏది అని కాగితం మీద రాయించుకోవాలి.

లా చదివాక ఇంకొక ఖర్చు ఉంది. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోకుండా కోర్టులో నిలబడలేం. మన బాబాసాహెబ్ అంబేద్కర్ గారికి కూడా ఈ గుమ్మం దగ్గరే ఇబ్బంది వచ్చింది. లండన్‌లో గ్రేస్ ఇన్‌లో బారిస్టర్ అయి, 1923లో బొంబాయికి తిరిగొచ్చాక, ప్రాక్టీసుకు అనుమతి పత్రం తీసుకునేందుకు ఆయన దగ్గర డబ్బు లేదు. స్నేహితుడు నవల్ భథేనా ఐదు వందల రూపాయలు సర్దాడు. రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షత వహించిన మనిషి మొదటి రోజు అప్పుతో కోర్టు మెట్లెక్కాడు!

ఈ ఎన్‌రోల్‌మెంట్ ఫీజు దేశంలో ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క రకంగా, వేల రూపాయల్లో ఉంటూ వచ్చింది. నేను 2008లో అమ్మ కాళ్ల కడియాలు కుదువబెట్టి కట్టాను. 2024 జులై 30న సుప్రీంకోర్టు దీని మీద ఒక మంచి తీర్పు చెప్పింది. 1961 నాటి అడ్వకేట్ల చట్టం ప్రకారం జనరల్ వారికి 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోరాదని, వేరే పేర్లతో అదనంగా కూడా వసూలు చేయరాదని తేల్చింది. స్టాంపు ఖర్చు వేరు. పేద విద్యార్థులను ఎక్కువ ఫీజులతో ఆపడం సమానత్వానికి విరుద్ధమని ఆ తీర్పు సారాంశం. నా కాలంలో కడియాలు పోయిన చోట మీకు 125 రూపాయలు చాలు. ఆ సంగతి తెలియక ఎవరైనా వెనక్కి తగ్గితే మాత్రం ఆ తీర్పు వల్ల వాళ్లకు లాభం లేదు.

ఇంకొకటి. మా కాలంలో లేని ఆలిండియా బార్ పరీక్ష ఇప్పుడు ఉంది. 2011 నుంచి జరుగుతోంది. దానికి ఫీజు ఎస్సీ, ఎస్టీలకు 2,500, మిగతావారికి 3,500 రూపాయలు. తెలుగులో కూడా రాయవచ్చు. నోట్సు లేని చట్టాల పుస్తకాలు పరీక్ష హాలులోకి తీసుకుపోవచ్చు. అంటే బట్టీ పట్టనక్కర లేదు, ఏ సెక్షన్ ఎక్కడుందో వెతకడం రావాలి.

నాలుగో అడ్డంకి: భాష

లా మొదటి తరగతిలో లెక్చరర్ గంట సేపు ఇంగ్లీషులో చెప్పారు. నాకు అర్థమైనవి ఆయన పేరు, పుస్తకం పేరు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మానేద్దామా అనిపించింది.

నిజం చెప్పాలంటే, ఇంగ్లీషు లేకుండా హైకోర్టులో పని నడవదు. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల కార్యకలాపాలు ఇంగ్లీషులో జరుగుతాయి. కానీ ఈ అడ్డంకి మనం ఊహించుకునేంత ఎత్తు లేదు. లాసెట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషుతో పాటు తెలుగులో గానీ, ఉర్దూలో గానీ ఉంటుంది. కింది కోర్టుల్లో సాక్షి తన గోడు చెప్పుకునేది తన భాషలోనే. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక భూమి తగాదాలో తెలుగులో తీర్పు కూడా ఇచ్చింది.

నేను చేసిన పని చాలా చిన్నది. రోజుకు ఒక తీర్పులోని ఒకే ఒక్క పేజీ తీసుకుని, తెలియని మాటలు రాసుకుని, నిఘంటువు చూసి, ఆ పేజీని నా మాటల్లో తెలుగులో రాసేవాడిని. మొదటి పేజీకి మూడు రోజులు పట్టింది. ఏడాది తిరిగేసరికి గంటలో అయిపోయేది. చట్టంలో వాడే ఇంగ్లీషు మాటలు లక్షలు లేవు, కొన్ని వందల మాటలే మళ్లీ మళ్లీ వస్తాయి.

మనకు తెలియకుండా మన దగ్గరే ఉన్న ఆస్తి ఒకటుంది. పురానాపూల్‌లో కూరగాయలు కొన్నా, జుమ్మెరాత్ బజార్‌లో పాత చెప్పులు బేరమాడినా మనం ఉర్దూలోనే మాట్లాడతాం. నాకు మొదట వచ్చిన ముగ్గురు కక్షిదారులు జియాగూడ, హుస్సేనీ ఆలం వైపు వాళ్లు. నా ఇంగ్లీషు చూసి రాలేదు. తమ బాధను తమ భాషలో వినే వకీలని వచ్చారు. హాస్టల్ మనకు ఏమీ ఇవ్వలేదు అనుకునే తమ్ముళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఐదో అడ్డంకి: మొదటి మూడేళ్లు

దీని గురించి ఎవరూ చెప్పరు. డిగ్రీ చేతికి రాగానే, నల్లకోటు వేసుకోగానే కల నెరవేరిందని ఊరంతా అనుకుంటుంది. అసలు కష్టం ఆ మరుసటి రోజు మొదలవుతుంది. జూనియర్ వకీలుకు జీతం అంటూ ఉండదు. సీనియర్ ఇచ్చింది తీసుకోవాలి. నాకు మొదటి ఏడాది నెలకు పదిహేను వందలు ఇచ్చేవారు. ఊరి నుంచి నాయన ఫోన్ చేసి "ఎప్పుడన్న పంపుతవా?" అని అడగడు. కానీ అడగకపోవడమే గుండెకు గుచ్చుకుంటుంది. చాలామంది మన పిల్లలు ఈ దశలోనే కోటు విడిచి ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోతారు. తండ్రో మామో వకీలుగా ఉన్న ఇంటి పిల్లవాడు ఈ మూడేళ్లు నిశ్చింతగా నేర్చుకుంటాడు. మనకూ వాళ్లకూ అసలు తేడా తెలివిలో లేదు, ఈ మూడేళ్ల తిండి ఖర్చులో ఉంది.

బాబాసాహెబ్ గారికీ ఇదే జరిగింది. కొలంబియా, లండన్ చదువులు ఉన్నా, అంటరానితనం వల్ల సొలిసిటర్లు ఆయనకు కేసులు ఇవ్వలేదు. ఆయన కోటు విప్పలేదు. 1925 నుంచి 1928 దాకా బొంబాయిలో బాట్లీబాయ్ అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో వ్యాపార చట్టం పాఠాలు చెప్పి ఇల్లు గడుపుకున్నారు. ఆ సంగతి చదివాక నేను సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ట్యూషన్లు చెప్పడం మొదలుపెట్టాను. సిగ్గుపడలేదు. ఆ ట్యూషన్ల డబ్బుతోనే నిలబడ్డాను.

ఇప్పుడు ఈ మూడేళ్లకు ఇంకొక విలువ వచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు వకీలుగా పనిచేసి ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే ఈ లెక్క మొదలవుతుందని కూడా అందులో ఉంది. జడ్జి కావాలనుకునే తమ్ముళ్లు ఈ నిబంధన ఎలా ఉందో ప్రతి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఎస్సీ లా పట్టభద్రులకు న్యాయ పాలనలో శిక్షణ ఇస్తూ స్టైపెండ్ ఇచ్చే పథకం సాంఘిక సంక్షేమ శాఖలో ఉంది. ప్రకటన వచ్చినప్పుడు మీ జిల్లా కార్యాలయంలో దరఖాస్తు చేయండి. చాలామందికి ఇలాంటిది ఉందనే తెలియదు.

లోపలి అడ్డంకి

పైన చెప్పినవన్నీ బయటివి. 'అది మనలాంటివాళ్లకు కాదు' అనే మాట మాత్రం లోపల ఉంటుంది. అది ముందు ఇతరులు అంటారు, తర్వాత మనమే అనుకోవడం మొదలుపెడతాం.

ఈ నగరంలోనే మాదరి భాగయ్యగా పుట్టి భాగ్యరెడ్డి వర్మగా పేరు పొందిన పెద్దాయన ఉన్నారు. 1888 నుంచి 1939 దాకా జీవించారు. మన పిల్లలను బడికి రానివ్వని రోజుల్లో 1910లో ఇసామియా బజార్‌లో పాఠశాల పెట్టారు. తర్వాత వాటి సంఖ్య 26కు చేరింది. మన పిల్లలు చదవగలరా అని ఆయన ఎవరినీ అడగలేదు, బడి తెరిచి చూపించారు. మన కళ్లముందే ఉన్న ఆ హైకోర్టులో వాదించిన వారిలో బొజ్జా తారకం గారు ఉన్నారు. ప్రభుత్వ న్యాయవాదిగా ఉంటూ, కారంచేడు దళితుల హత్యల తర్వాత 1985లో ఆ పదవికి రాజీనామా చేశారు. 'పోలీసులు అరెస్టు చేస్తే' అని సామాన్యుడికి అర్థమయ్యేలా పుస్తకం రాశారు. వేలిముద్ర వేసే మా నాయనలాంటి వాళ్ల కోసం రాసిన పుస్తకం అది. అలాంటి వారు నడిచిన మెట్లు మనవి కావని ఎవరనగలరు?

మీరు చేయవలసిన పని

ఈ వ్యాసం చదివాక ఒక నోటుబుక్కు తీసుకోండి. పైన మీ కల రాయండి. కింద ఐదు గళ్లు గీయండి: సమాచారం, కాగితాలు, డబ్బు, భాష, ఎదురుచూడాల్సిన కాలం. ప్రతి గడిలో మూడు విషయాలు రాయండి. నాకు ఏం అడ్డు? ఏ తేదీలోపు తీరాలి? ఎవరిని అడగాలి? మొదటి రోజు చాలా గళ్లు ఖాళీగా ఉంటాయి. ఖాళీ గడి అంటే అవమానం కాదు, అడగాల్సిన ప్రశ్న. వార్డెన్ సారును అడగండి, టీచర్లను అడగండి, గ్రంథాలయంలో అడగండి.

అన్ని అడ్డంకులూ తీరతాయని నేను అబద్ధం చెప్పను. కొందరికి ఇంటి బాధ్యత ముందు వస్తుంది. వకీలు కావాలనుకున్నవాడు కోర్టులో బెంచి క్లర్కు కావచ్చు, న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వలంటీర్ కావచ్చు. ఆ పని కూడా చిన్నది కాదు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. 15100కు ఫోన్ చేస్తే చాలు. 1998లో మా నాయనకు ఈ ఒక్క సంగతి చెప్పే మనిషి లేడు. మీ ఊళ్లో ఆ మనిషి మీరు కావచ్చు.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి

మిత్రులారా, వార్షికోత్సవానికి వచ్చి శాలువా కప్పించుకుని, భోజనం చేసి వెళ్లిపోతున్నాం. ఈసారి ఒక్కొక్కరం ఒక్కొక్క అడ్డంకిని తీసుకుందాం. బ్యాంకులో ఉన్నవారు పాస్‌బుక్కుల తప్పులు సరిచేయించే పని తీసుకోండి. టీచర్లుగా ఉన్నవారు నామినల్ రోల్స్ సమయంలో ఒక రోజు వచ్చి పిల్లల పేర్లు సరిచూడండి. సర్కారు కొలువుల్లో ఉన్నవారు పాత నోటిఫికేషన్లు ఒక ఫైలుగా కుట్టి హాస్టల్‌కు ఇవ్వండి. నా వంతుగా ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం పది గంటలకు హాస్టల్‌లో ఉంటాను. లా చదవాలనుకునే తమ్ముళ్ల కాగితాలు నేనే చూస్తాను. మొదటి మూడేళ్లు నా దగ్గర జూనియర్‌గా చేరే మన హాస్టల్ విద్యార్థికి తిండికి, బస్ పాస్‌కు లోటు రాకుండా చూస్తాను. ఇది అచ్చులో పడింది కనుక ఇక తప్పించుకోలేను!

బేగంబజార్ మిత్రుడికి ఈ వ్యాసం చదివి వినిపించాను. అంతా విని, "ఆ ఫైలు సంగతి పెద్ద అక్షరాలల్ల రాయరా" అన్నాడు. వాడి కూతురు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. లాసెట్ రాస్తానంటోంది. మొన్న రెండో ఆదివారం ఆ అమ్మాయి కాగితాలు వాడే స్వయంగా తెచ్చాడు. ఇద్దరం కూర్చుని ఇంటి పేరు ఒక్కొక్క అక్షరం సరిచూశాం. సరిపోయింది.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో, జై భీమ్.

- పూర్వ విద్యార్థి, 2000 సంవత్సరం పదో తరగతి బ్యాచ్